పిచ్చుక నడుము కొలత

ప్యాంటు ఇంకా వెచ్చగానే ఉంది. లోపలికి వెళ్తూ నా ఒళ్ళో పడేసి పోయాడు మా తమ్ముడు. ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఆకుపచ్చ గౌను తొడుక్కుని, వెనక ముడి ఎక్కడ ఊడుతుందోనని ఒక చేత్తో పట్టుకుని, నలభై ఆరేళ్ళ మనిషి, లిఫ్టులు బాగుచేసే మనిషి, పద్నాలుగో అంతస్తులో తలుపులు తీసి కింద చీకట్లోకి తొంగి చూస్తూ ఈల వేసే మనిషి, నర్సు వెనకాల తలొంచుకుని నడిచి వెళ్ళాడు. గంట పడుతుందట. కాళ్ళకి సన్నటి తీగలు అంటించి కరెంటు పంపి, నరం ఎక్కడిదాకా పలుకుతుందో, ఎక్కడ ఆగిపోతుందో చూస్తారట. "కరెంటు గురించి నాకు చెప్తున్నారు" అని నవ్వాడు గానీ ఆ నవ్వు నాకు తెలియనిదా, చిన్నప్పుడు పన్ను పీకించుకోవడానికి వెళ్తూ నవ్విన నవ్వే అది. తలుపు మూసుకుంది. తలుపు మీద తొమ్మిది అని రాసి ఉంది. దాని కింద అతికించిన కాగితం సగం ఊడి ఫ్యాను గాలికి టపటపమంటోంది, దాన్ని ఎవరైనా సరిగ్గా అంటించరేం, ఇంత పెద్ద ఆసుపత్రిలో ఒక్క జిగురు డబ్బా లేదా. కోపం కాగితం మీద కాదని నాకు తెలుసు. ఏడు నెలలుగా వాడి కుడి తొడ వాడిది కాకుండా పోయింది. మంటంటే మంట, మొద్దంటే మొద్దు, ఎందుకో చెప్పే నాథుడు లేడు. మా నాన్నకీ కాలి నుంచే మొదలైంది. ఆ మాట నేనూ అనలేదు, వాడూ అనలేదు, పక్క కుర్చీలో ఫైలు గుండెలకి హత్తుకుని కూర్చున్న వాడి భార్య, మా మరదలూ అనలేదు. ఏడు నెలలుగా ముగ్గురం ఆ మాటని తప్పించుకుని తిరుగుతున్నాం.

ఇక్కడి కుర్చీలన్నీ ఒకే ఇనుప పట్టీకి బిగించి ఉన్నాయి, ఆ చివర ఎవరు కదిలినా ఈ చివర నేను ఊగుతున్నాను. ఇందాక ఒక పెద్దాయన చీటీ పట్టుకుని వచ్చి, నా ముందు ఆగి, "డాక్టరు గారూ, రక్తపరీక్ష ఎటండీ?" అన్నాడు. నేనా? డాక్టరునా? అప్పుడు చూసుకున్నాను, మెడలో టేపు. పొద్దున షాపు తలుపు తీసి అలవాటు కొద్దీ మెళ్ళో వేసుకున్నవాణ్ణి, మరదలు ఫోన్ చేసి రమ్మనేసరికి అలాగే పరిగెత్తుకొచ్చాను. పాపం ఆయనకి చూపు ఆనదేమో, దూరం నుంచి గుండె చూసే గొట్టంలా కనిపించి ఉంటుంది. "నేరుగా వెళ్ళి ఎడమకి తిరగండి" అని చాలా గంభీరంగా చెప్పాను. నిజంగా ఎడమకే ఉంది లెండి, నేను ఉత్తినే చెప్పలేదు. మరదలు ఫైలు చాటున కిసుక్కున నవ్వింది. ఆమె నవ్వగా విని ఎన్నాళ్ళయిందో. ఆ పెద్దాయన నూరేళ్ళు చల్లగా ఉండాలి. టేపు తీసి జేబులో పెట్టుకుందామనుకుని కూడా పెట్టుకోలేదు, ముప్పై ఎనిమిదేళ్ళుగా మెడకి అలవాటైన బరువు, తీస్తే చొక్కా తీసినట్టుంటుంది. నిజం చెప్పాలంటే దీంతో నాకు పెద్ద పనేం లేదు. నాకు కన్ను చాలు. అదిగో మెట్ల దగ్గర కాపలా మనిషి, నడుము ముప్పై ఆరు, కుడి భుజం ఎడమదానికన్నా అర అంగుళం దిగువ. రక్తపరీక్ష పెద్దాయన ముప్పై రెండు, వేసుకున్నది ముప్పై నాలుగు, అంటే ఈమధ్య చిక్కాడు, లేకపోతే కొడుకుది తగిలించుకుని వచ్చాడు. మందుల కిటికీ దగ్గర నిలబడ్డ కుర్రవాడిది రెడీమేడ్, వెనక నుంచి చూసినా చెప్పగలను, కూర్చుంటే జేబులు చెవుల్లా బయటికొస్తాయి. రెడీమేడ్ అంటేనే నాకు ఒళ్ళుమంట. ఎక్కడో ఎవడో ఎవరి నడుమో ఊహించుకుని కోసిన గుడ్డని మనం తగిలించుకోవడమేమిటి, మనకొక నడుము లేదా? షాపులో నేనీ మాట ఎత్తితే మా తమ్ముడు అందుకుంటాడు, "మా అన్నయ్య కన్ను ముందు టేపెంత" అని వినేవాళ్ళకీ చెప్తాడు, విననివాళ్ళకీ చెప్తాడు. వాడికి ఏడాదికి రెండు ప్యాంట్లు కుడతాను. మందపాటి డ్రిల్లు గుడ్డ, జేబులకి రెండు వరసల కుట్టు. నడుంపట్టీ లోపల బిగువు కోసం అందరూ ఒక పొర గట్టి కాన్వాసు వేస్తే నేను రెండు పొరలు వేస్తాను, చచ్చినా మెత్తబడదు. వాడు అది తొడిగి, పైన పనిముట్ల బెల్టు బిగించి వీధిలో నడిచి వెళ్తుంటే నా షాపు బోర్డే నడిచి వెళ్తున్నట్టుంటుంది.

వాడి అసలు పేరు బడి రిజిస్టరులోనూ ఈ ఫైలు మీదా తప్ప ఎక్కడా వినపడదు. పుట్టినప్పుడు గుప్పెడున్నాడు, నాకప్పుడు పన్నెండేళ్ళు, అమ్మ నా చేతుల్లో పెడుతూ "గట్టిగా పట్టుకోకురా, పిచ్చుకపిల్ల" అంది. అంతే, పిచ్చుక అయి కూర్చున్నాడు. ఇప్పుడు వాడు షాపులోకొస్తే స్టూలు మూలుగుతుంది, అయినా పిచ్చుకే. ఏడు నెలల కిందట ఒక సాయంత్రం ఆ స్టూలు మీదే కూర్చుని, పని బట్టల్లోనే, కుడి తొడ పక్కన అరచేయి పెట్టుకుని, "అన్నయ్యా, ఇక్కడెవరో ఇస్త్రీ పెట్టె ఆనించినట్టుంది" అన్నాడు. నేను పట్టించుకోలేదు. "గిచ్చు" అన్నాడు. గిచ్చాను. "గట్టిగా" అన్నాడు. గట్టిగా గిచ్చాను. "గిచ్చుతున్నావా?" అన్నాడు. మిషను తొక్కడం ఆపేశాను. గిచ్చితే తెలియదు, గుడ్డ రాసుకుంటే ఓర్చుకోలేడు, ఇదెక్కడి జబ్బు. అప్పట్నుంచి తిరుగుడే తిరుగుడు. మొదటి డాక్టరు విటమిన్ తక్కువన్నాడు, పది సూదులు పొడిపించుకున్నాడు, సూది పొడిచిన చోట నొప్పి తప్ప మార్పేం లేదు. రెండో ఆయన వెన్నుకి పెద్ద స్కాను తీయించాడు, ఆ గొట్టంలో పడుకుని వాడు లిఫ్టు ఇరుక్కుపోయిందనుకుని కలవరించాడట, చివరికి అంతా బాగానే ఉందన్నారు. బాగుంటే ఈ మంటేమిటండీ అంటే, స్కానులో మంట కనపడదన్నారు. మూడో ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని అడిగాడు. మరదలికి తిక్క రేగింది. "నేను పోస్టాఫీసులో పొద్దుణ్ణించి సాయంత్రందాకా ఊరివాళ్ళ ఉత్తరాలు వేరుచేస్తానండీ, ఇంటికొచ్చి గొడవపడే ఓపిక నాకెక్కడిది" అని అక్కడే కడిగేసింది. ఆమె చేతిలో ఫైలు చూడాలి, కాగితాలన్నీ తేదీల వరసలో, ఏ కాగితం అడిగినా రెప్పపాటులో బయటికొస్తుంది. ఏ కాగితంలోనూ జవాబు మాత్రం లేదు.

లిఫ్టు కంపెనీ వాళ్ళు కాగితం తెచ్చేదాకా రావద్దన్నారు. వాళ్ళని తప్పుపట్టలేం. నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టానో లేదో తెలియనివాణ్ణి ఆ బావిలాంటి సందులోకి ఎవరు దింపుతారు. పద్దెనిమిది రోజులైంది వాడు ఇంట్లో కూర్చుని. పైజామా తొడుక్కుని, మరదలు ఆఫీసుకెళ్తే గచ్చు కడిగి, తలుపులకి నూనె వేసి, చేతులు ఊరుకోక పాత గడియారం విప్పి, మళ్ళీ బిగించలేక తిట్టుకుని. ఆ పద్దెనిమిది రోజుల్లో మంట కొంచెం తగ్గింది. విశ్రాంతి అన్నాం. ఇవాళ పొద్దున ఆసుపత్రికని తయారై మెట్లు దిగేసరికి మళ్ళీ అంటుకుందని ఇక్కడికొచ్చాక చెప్పాడు. డాక్టరు పేరు చెప్తే చాలు నొప్పి వస్తోంది వీడికి అని నేను వేళాకోళమాడాను, వాడు నవ్వాడు, పంటి బిగువున. ప్రతిసారీ అంతే. డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు నేను కుట్టిన వాటిలో మంచిది తీసి ఇస్త్రీ చేయించుకుని మరీ వేసుకుంటాడు, ఎక్కడికెళ్ళినా అన్నయ్య పరువు కాపాడాలి వాడికి.

నాన్నకి చెప్పు జారేది. ఎడమ కాలి చెప్పు. వీధిలో నడుస్తూ నడుస్తూ వెనక ఎవరో "అయ్యా, మీ చెప్పు" అని కేకేసేవారు, తిరిగి చూస్తే పది అడుగుల వెనక పడి ఉండేది, కాలికి తెలియలేదు. మేం నవ్వేవాళ్ళం. నాన్నా నవ్వేవాడు. ఆయనా దర్జీయే, ఇదే షాపు, ఇదే మిషను, ఎడమ కాలితోనే తొక్కేవాడు, ఒకరోజు తొక్కుడు ఆగిపోయింది, మిషను పాడైందనుకున్నాం. వెన్నులో ఏదో పెరిగిందని తేలేసరికి ఏడాది గడిచింది. ఇంకో రెండేళ్ళు మంచం. చివర్లో ఒకరోజు, పక్క మీద దుప్పటి సర్దుతుంటే, "ఒక పైజామా కుట్టరా, ఇవన్నీ పాతబడ్డాయి" అన్నాడు. టేపు తెచ్చాను. నాన్న నడుము ముప్పై ఆరు, నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ముప్పై ఆరే. నడుము కిందుగా టేపు దూర్చి ఇవతలికి లాగి రెండు కొసలూ కలిపాను. ఇరవై తొమ్మిది. తప్పు చదివానేమోనని మళ్ళీ చూశాను. ఆయన కప్పు వంక చూస్తూ, "ఎంతరా?" అన్నాడు. "ముప్పై ఆరే నాన్నా" అన్నాను. ఆయన నవ్వాడు. నలభై ఏళ్ళు జనం నడుములు కొలిచిన మనిషి, టేపు ఒంటి మీద ఎన్నో అంకె దగ్గర ఆగిందో ఆయనకి తెలియదా. "బాగా కొలిచావు" అన్నాడు. పైజామా ముప్పై ఆరుకే కోశాను, బొందు పెట్టాను, బొందు దగ్గరికి లాగితే కుచ్చెళ్ళు కుచ్చెళ్ళుగా వచ్చింది. నెల తిరగకుండానే పోయాడు. అది పంతొమ్మిదేళ్ళ కిందటి మాట. ఆ తర్వాత నేను ఇంటివాళ్ళ ఒంటి మీద టేపు పెట్టలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు, కన్ను చాలనే మాట అక్కడ పుట్టింది. కొలతల పుస్తకంలో మొదటి పేజీ మాదే, అందులో పిచ్చుక నడుము ముప్పై రెండు అని ఉంటుంది, వాడికి ఇరవై ఏడేళ్ళప్పుడు రాసింది. నాలుగేళ్ళ కిందట కన్నుతో చూసి, ఫరవాలేదు కాస్త ఒళ్ళు చేశాడని నేనే ముప్పై నాలుగు చేశాను. అది కూడా పెద్ద ఉదారంగా చేసినట్టు.

చేతులు ఊరికే ఉండవు. ఒళ్ళో గుడ్డ ఉంటే వేళ్ళు వాటంతటవే నడుస్తాయి. కాళ్ళ అంచు బాగుంది. పక్క కుట్టు బాగుంది, ఒక్క పోగు లేవలేదు. కుడి జేబు పక్కన గ్రీజు మరక, ఎంత ఉతికినా పోనిది. నడుంపట్టీ కొస దగ్గర గుండీ. వేళ్ళు ఆగాయి. నాలుగు కన్నాల గుండీకి నేను దారం రెండు గీతలుగా వేస్తాను, పక్కపక్కన, రైలు పట్టాల్లాగా, నాన్న అలాగే నేర్పాడు, ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా మార్చలేదు. వేలికి తగులుతున్నది అడ్డంగా దాటిన దారం. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. గుణకారం గుర్తు. పైగా గుండీ ఉండాల్సిన చోట లేదు, అంగుళం జరిగి పట్టీ చివరంచున వేలాడుతోంది, అసలు చోట నా సూది పొడిచిన చిన్న కన్నాలు నాలుగు, ఖాళీగా.

"ఈ గుండీ ఎవరు కుట్టారమ్మా?" అన్నాను.

మరదలు ఫైలు తెరిచింది, మూసింది. "ఏ గుండీ బావగారూ?"

"ఈ ప్యాంటుకి ఉన్నదే ఒకటి."

"అదా... ఊడిపోతేనూ..."

"నేను కుట్టిన గుండీ ఊడదు."

తలుపు మీద కాగితం టపటపమంది. "ఆయనే జరపమన్నారు" అంది చివరికి, చాలా చిన్నగా. "మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. అన్నయ్య కన్ను తప్పిందంటే బాధపడతాడు, ఊళ్ళో అందరికీ టముకు వేసేది నేనే కదా అన్నారు."

"ఎప్పట్నుంచి?"

"మూడేళ్ళయింది. కొత్తది మీ దగ్గర్నుంచి రాగానే నేను గుండీ జరుపుతాను. నాకు కుట్టు సరిగ్గా రాదు బావగారూ, వేలికి పొడుచుకుంటాను."

మూడేళ్ళు. ఆరు ప్యాంట్లు, ఆరు గుండీలు. నా అరికాలి మంట నెత్తికెక్కింది. నా ముందు నిలబడి, అబ్బ ఎంత బాగా కుదిరింది అన్నయ్యా అని అటు తిరిగి ఇటు తిరిగి చూపించి, ఇంటికెళ్ళి గుండీ పీకించుకుంటాడా దొంగవెధవ! ఊపిరి బిగబట్టి నిలబడేవాడన్నమాట, ఆ కాస్సేపూ. ఒక్క మాట, ఒక్క మాట నోరు తెరిచి బిగుతుగా ఉంది అంటే నేనేం కొడతానా? కొట్టను గానీ... ఏమనేవాణ్ణి? "నువ్వే తిండి తగ్గించు, కొలత సరిగ్గానే ఉంది" అనేవాణ్ణి. అవును, అదే అనేవాణ్ణి, పదిమంది ముందూ అనేవాణ్ణి. కోపం వచ్చినంత వేగంగానూ చల్లారింది. మరదలి వేలి చివర చూశాను, నిజంగానే చిన్న నల్ల చుక్క ఉంది. పోస్టాఫీసు ముద్రలు కొట్టి కొట్టి వచ్చి, రాని కుట్టు కుట్టుకుంటూ, నా పరువుకి మాటు వేస్తూ కూర్చుందా ఈ పిల్ల.

వేళ్ళు మాత్రం ఆగలేదు, నడుంపట్టీ వెంట కుడివైపుకి వెళ్ళాయి. లోపలివైపు అస్తరు ఒకచోట అరిగి నున్నగా మెరుస్తోంది, దాని కింద ఏదో గట్టిగా తగిలింది. కాన్వాసు. నా రెండు పొరల కాన్వాసు. పొట్ట పైనుంచి బరువు వేసి వంచితే మెత్తబడనని మొండికేసి, నిలువునా ఒక్క మడత పడి, ఆ మడత చెక్క ముక్కలా బిగుసుకుపోయి ఉంది. పైన పనిముట్ల బెల్టు, అందులో కుడివైపు బరువంతా, రెంచీలూ సుత్తీ అన్నీ. నేను లేచి నిలబడి, ఎవరు చూస్తున్నారో కూడా చూసుకోకుండా, ఆ ప్యాంటు నా ఒంటికి ఆనించి పెట్టుకున్నాను. మడత సరిగ్గా వచ్చి తుంటి ఎముక ముందు, తొడ మొదలయ్యే చోట కూర్చుంది. వేలితో నొక్కాను. ఇంకాస్త నొక్కాను. నొక్కిపట్టి వంద లెక్కపెట్టాను, ఏమీ కాలేదు, వందలో ఏమవుతుంది, వాడిది రోజుకి పది గంటలు, మూడేళ్ళు. పైజామాలో ఉన్న పద్దెనిమిది రోజులూ తగ్గింది. ఆసుపత్రికి వచ్చిన ప్రతిరోజూ పెరిగింది, ఆసుపత్రికి నా ప్యాంటే వేసుకొస్తాడు కాబట్టి. ఆరోజు షాపులో స్టూలు మీద కూర్చుని ఇస్త్రీ పెట్టె ఆనించినట్టుందని చెప్పినప్పుడు కూడా వాడి ఒంటి మీద నా ప్యాంటే. కుర్చీలో కూలబడ్డాను, కుర్చీల వరసంతా ఊగింది, ఆ చివర ఎవరో విసుక్కున్నారు.

నేనేనా? నా చేత్తోనే చేశానా? సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, అదే సమయంలో, ఎలా చెప్పను, గుండెలోంచి ఏదో లేచి గొంతుదాకా వచ్చింది, అది బాధ కాదు. ఆశ. నేనే అయితే ఎంత బాగుండు. దేవుడా, తప్పు నాదే అవ్వాలి, వెన్నుది కాకూడదు, రక్తానిది కాకూడదు, నాన్న దగ్గర్నుంచి వచ్చింది కాకూడదు, నా మొండితనం, నా రెండు పొరల కాన్వాసు, నా బోడి కన్ను, అదే అవ్వాలి. రేపట్నుంచి ఊళ్ళో అందరూ నవ్వనీ. తమ్ముడి తొడని మొద్దుబార్చిన దర్జీ అని బోర్డు రాయించి నేనే తగిలిస్తాను. ఏడు నెలలుగా రోజూ లేచి తప్పు ఎవరిదా అని వెతుక్కున్నవాణ్ణి, ఇప్పుడు కూర్చుని తప్పు నాకే రావాలని మొక్కుకుంటున్నాను. మరదలు నా మొహం చూసి కంగారుపడింది, "బావగారూ, మంచినీళ్ళు తెమ్మంటారా?" అంది. వద్దమ్మా, నాకు చాలా బాగుంది అన్నాను. ఆమెకి ఇంకా కంగారు పెరిగింది.

తొమ్మిదో గది తలుపు తెరుచుకుంది, లోపలికి రమ్మన్నారు. మంచం అంచున పిచ్చుక కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు, కాళ్ళ మీద జిగురు ఊడదీసిన మరకలు గుండ్రంగా, గౌను ముడి ఇంకా చేత్తోనే పట్టుకుని. డాక్టరమ్మ చిన్నపిల్లే, నా కూతురుంటే ఆ వయసే ఉండేది, తెల్లకోటు చేతులు రెండంగుళాలు పొడుగు, మడిచి పెట్టుకుంది. కంప్యూటరు తెర మీద కొండల్లాంటి గీతలు చూపించింది. "వెన్ను నుంచి వచ్చే పెద్ద నరాలన్నీ చక్కగా ఉన్నాయి. కండరాల్లో బలం ఎక్కడా తగ్గలేదు. ఒక్క నరం, తొడ పక్కన చర్మానికి స్పర్శ తెలిపేది, అది మాత్రం ఎడమవైపు పలికినట్టు కుడివైపు పలకడం లేదు. ఇదిగో ఇక్కడ, తుంటి ఎముక ముందు, ఇరుకు సందులోంచి బయటికొస్తుంది. అక్కడ దాన్ని ఏదో నొక్కుతోంది." ఆమె వాడి వైపు తిరిగింది. "బిగుతు బట్టలు వేసుకుంటారా?"

పిచ్చుక నా వంక చూడలేదు. చూడకుండా ఉండడానికి వాడు పడ్డ శ్రమ నాకు కనిపించింది. "అబ్బే, లేదండీ, మామూలువే."

"ఎక్కడ కొంటారు?"

"రెడీమేడండీ" అన్నాడు మా తమ్ముడు. "అక్కడా ఇక్కడా, ఏది దొరికితే అది."

రెడీమేడ్. ఆ మాట నా ముందు, వాడి నోటివెంట. నన్ను ఇంతకన్నా పెద్ద తిట్టు ఎవరూ తిట్టలేరు, నా మీద ఇంతకన్నా ప్రేమ ఎవరూ చూపించలేరు. అన్నకి మాట రాకుండా ఆసుపత్రిలో డాక్టరు ముందు, జబ్బేమిటో తేలే సమయంలో, అబద్ధమాడుతున్నాడు వెధవ! ముప్పై ఆరే నాన్నా అని నేనన్నాను ఒకప్పుడు. మా ఇంట్లో అబద్ధాలన్నీ నడుము దగ్గరే వస్తాయి కాబోలు.

"కాదు డాక్టరమ్మా" అన్నాను. "రెడీమేడ్ కాదు. నేనే కుట్టాను. కొలవకుండా కుట్టాను." ప్యాంటు బల్ల మీద పరిచి, పట్టీ తిప్పి, మడత ఆమె వేలికి తగిలేలా పెట్టాను. ఆమె బొటనవేలితో నొక్కి చూసింది, లేచి ఆ పట్టీ తీసుకెళ్ళి వాడి తుంటికి ఆనించింది, ఇంకో వేలితో అక్కడే చిన్నగా తట్టింది. "అబ్బా!" అన్నాడు పిచ్చుక, "తొడంతా జివ్వుమందండీ." డాక్టరమ్మ నా వైపూ నా మెడలో టేపు వైపూ చూసి నవ్వింది. "మీరు కాస్త ముందొచ్చి ఉంటే ఇతనికి ఈ కరెంటు పరీక్ష తప్పేది" అంది. ప్యాంటు వదులు చేయాలి, బెల్టు బరువు నడుము మీద కాక భుజం సంచీలోకి మార్చాలి, పొట్ట కాస్త తగ్గించాలి. తగ్గడానికి వారాలు పట్టొచ్చు, కొందరికి నెలలు పడుతుంది, అప్పటికీ తగ్గకపోతే అక్కడే ఒక మందు ఇస్తారట. వచ్చే వారం నుంచి పనికి వెళ్ళొచ్చని కాగితం రాసిస్తానంది.

ఎవరూ లేవలేదు. మరదలు ఫైలులో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుంది. నేనే అన్నాను, ఎవరో ఒకరు అనాలి కదా. "మా నాన్నకి కూడా కాలి నుంచే మొదలైంది డాక్టరమ్మా. వెన్నులో. రెండేళ్ళు మంచంలో ఉండి పోయాడు." ఆమె నవ్వు ఆపి, ఫైలు అడిగి తీసుకుని, స్కాను కాగితం మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా చదివింది. "ఇది అది కాదు" అంది.

"ఇంకొక్కసారి చెప్పండి" అన్నాడు పిచ్చుక.

"ఇది అది కాదు."

వాడు గౌను ముడి వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. వెళ్ళి పక్కన నిలబడి వీపు మీద చేయి వేశాను. ఎంత వెడల్పు వీపు! ఎప్పుడు పెరిగాడు వీడు? రోజూ నా కళ్ళ ముందే తిరుగుతున్నాడు, నేనెవరిని చూస్తున్నానో ఇన్నాళ్ళూ. దారిన పోయేవాళ్ళందరి కొలతలూ చెప్పే కన్నుకి సొంత తమ్ముడు ఆనలేదు.

డాక్టరమ్మ కాగితం రాయడానికి పక్క గదిలోకి వెళ్ళింది. "నిలబడు" అన్నాను.

"ఇక్కడా అన్నయ్యా?"

"ఇక్కడే. గౌను పైకి పట్టుకో."

టేపు మెడలోంచి తీశాను. పంతొమ్మిదేళ్ళ తర్వాత సొంత మనిషి ఒంటి మీద పెడుతున్నాను, కొస రెండుసార్లు జారింది. వెనకనుంచి తిప్పి ముందుకి తెచ్చి, ప్యాంటు నిలిచే చోట రెండు కొసలూ కలిపాను. పిచ్చుక కప్పు వంక చూస్తున్నాడు. అలవాటుగా పొట్ట లోపలికి లాక్కుని, ఛాతీ బిగించి, మూడేళ్ళుగా నా ముందు ఎలా నిలబడ్డాడో అలాగే నిలబడ్డాడు.

"ఊపిరి వదులు" అన్నాను.

"వదిలానుగా."

"నాతోనా? వదలరా."

వదిలాడు. నా వేళ్ళ మధ్య టేపు కదిలింది. ఒక అంగుళం, ఇంకో అంగుళం, మూడోది కూడా దాటి వెళ్ళి ఒకచోట మెత్తగా ఆగింది. "ఎంతన్నయ్యా?" అన్నాడు వాడు, కప్పు వంకే చూస్తూ. ముప్పై నాలుగు నాలుక చివరిదాకా వచ్చింది. టేపు వంక చూశాను. ఆరోజు అంకె తరిగింది, ఈరోజు పెరిగింది. తిని, పని చేసి, నవ్వి, నిద్రపోయి, హాయిగా పెరిగిన నడుము ఇది, బతికున్న మనిషి నడుము. ఇంత సంతోషం నాకు ఎన్నడూ ఏ కొలతలోనూ దొరకలేదు.

"ముప్పై ఎనిమిది" అని గట్టిగా చెప్పాను, షాపులో చెప్పినట్టు, వసారాలో వాళ్ళకి కూడా వినపడేలా.

మరదలు పెన్ను తీసి ఫైలు అట్ట మీదే రాసుకుంది. "ముప్పై ఎనిమిది. రాశాను బావగారూ."

"దాని పక్కన అర కూడా వెయ్యమ్మా" అన్నాను. "మా అమ్మ గట్టిగా పట్టుకోవద్దంది."